బ్రేకులకి గాలి ఎక్కేలోపు

ఫెబాకి అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తే మేలు. చదువు రెండోసారి ఆగిపోతుందేమోనని ఆమె భయం.

మొగుడి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. పిల్లకి జ్వరమొస్తే మందేస్తే తగ్గుతుంది. చదువు అలా కాదు. మొదటిసారి ఇంటర్ మధ్యలో ఆగిపోయినప్పుడు ఇంట్లో గొడవ కూడా జరగలేదు. ఎవరూ వద్దనలేదు. "చదువెక్కడికి పోతుందమ్మా, తర్వాత చదువుకోవచ్చులే" అన్నాడు నాన్న. మేనత్త కొడుకుతో పెళ్లయింది. జెస్సీ పుట్టింది. ఎక్కడికీ పోదన్న చదువు ఎక్కడికి పోయిందో వెతికి పట్టుకోవడానికి ఆమెకి ఏళ్లు పట్టింది.

ఈసారి గొడవ జరుగుతోంది. ఆమెకి ధైర్యం అదొక్కటే.

"రాత్రుళ్లు లైటేసుకుని నువ్వు చదువుతుంటే వాడికి నిద్రెక్కడ పడుతుందే?" అత్త కోటిరత్నం గుమ్మంలో నిలబడి తలకి గుడ్డ చుట్టుకుంటూనే అరుస్తోంది. మిరపకాయల తొడిమలు తీసే పనికి బయల్దేరింది. ఘాటుకి ముక్కూ నోరూ కప్పుకునే గుడ్డ అది. ఇంకా నోటిదాకా రాలేదు. "ఇంట్లో పట్టని నిద్ర బండిలో పట్టింది. పట్టదా మరి?"

"లైటు వంటింట్లో వేసుకుంటున్నానత్తా. బావ పడుకునేది వసారాలో."

"వెలుగుకి గోడలడ్డమా?"

మార్క్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి మాటిమాటికీ నడుం దగ్గరికి పోతోంది. లారీ తాళాలు ఎప్పుడూ వేలాడే చోటు అది. నిన్న జానకిరామయ్య గారి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో వాటిని తీసేసుకున్నారు. క్యాబిన్‌లో కొత్తగా బిగించిన కెమెరా, ఇతను స్టీరింగు ముందు నిద్రపోతున్నాడని మూడుసార్లు చెప్పింది. మూడోసారి తర్వాత ఇంక మాటల్లేవు.

"నేను నిద్రపోలేదమ్మా" అన్నాడు.

"మరి కెమెరా అబద్ధం చెబుతుందా? దానికేం పగరా నీ మీద?"

గిన్నె కడుగుతున్న ఫెబా చెయ్యి ఆగింది. చిలకలూరిపేట కమ్యూనిటీ కాలేజీలో మొదటిరోజు మహతి మేడం క్లాసుని అడిగింది దాదాపు ఇదే. పగ లేని యంత్రం తప్పెలా చేస్తుంది? ఆ పేపరుకి టెక్నాలజీ ఎథిక్స్ అని పేరు. ఇంట్లో దానికి నీతి పేపరని పేరు.

"ఇంకో మాట లేదు" అంది కోటిరత్నం. "వాడు రేపట్నుంచి తుళ్లూరు కాంక్రీటు పనికి పోతాడు. నువ్వు ఇవాళే నాతో కోల్డ్ స్టోరేజీకి రా."

"ఇవాళ ఇంటర్వ్యూ అత్తా. యూనివర్సిటీ నించి సార్ వస్తున్నారు. ఇందులో గెలిస్తే అక్కడ డిగ్రీ రెండో ఏట కూర్చోబెడతారు. లేకపోతే ఈ డిప్లొమాతో సరి."

"నీతి నేర్చుకోడానికి యూనివర్సిటీ దాకా పోవాలా ఏంటే? మన చర్చి అయ్యగారు ప్రతి ఆదివారం ఊరికే చెబుతున్నాడుగా! అది వింటూ మొన్న కునికిపాట్లు పడ్డావు."

"పిల్ల రాత్రంతా ఏడ్చిందత్తా."

"అదే అంటున్నా నేను కూడా. ముందు పిల్ల సంగతి చూడు. చదువెక్కడికి పోతుంది? వచ్చే ఏడు చూసుకోవచ్చు."

అన్నా చెల్లెళ్లకి ఒకటే మాట. ఫెబా మార్క్ వైపు చూసింది. అతను తలెత్తలేదు.

కోటిరత్నం గుడ్డని నోటి మీదికి లాక్కుంది. "ఆటో వీధి చివర ఉంటుంది. తిని రా" అని గుడ్డలోంచే అని వెళ్లిపోయింది.

పాలగిన్నె పొంగితే ఫెబా దించింది.

"నువ్వు చదవబట్టే ఇలా అయిందని నేను అనలేదు ఫెబా."

"అనలేదు. కాదని కూడా అనలేదుగా బావా."

ఫెబా కంచాలు పెట్టింది. చద్దన్నం, నిన్నటి గోంగూర, ఉల్లిపాయ. జెస్సీ వచ్చి తండ్రి తొడ మీద కూర్చుని చేతులు జోడించింది.

మార్క్ కళ్లు మూసుకున్నాడు.

మార్క్ ప్రార్థన ఆ పేటంతా ఎరిగినదే. మొదలుపెడితే ఒక పట్టాన వదలడు. పనినీ పిల్లనీ తలుచుకున్నాక తల్లి మోకాళ్ల నొప్పి దగ్గరికి వస్తాడు. లారీ టైర్లని కూడా పేరుపేరునా దేవుడికి అప్పగిస్తాడని చర్చిలో కుర్రాళ్లు వేళాకోళం చేస్తారు. ఫెబా ఎప్పుడూ తనూ కళ్లు మూసుకునేది. ఇవాళ కోపంతో మూసుకోలేదు. అందుకే మొదటిసారి చూసింది.

తల ముందుకి వాలింది. గడ్డం గుండెలకి తగులుతోంది. రెప్పలు కదలడం లేదు. పెదవులు మాత్రం సన్నగా ఆడుతున్నాయి, అదీ దగ్గరగా చూస్తేనే.

పడుకున్న మనిషి ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఉన్నాడు.

"బావా" అంది. "బావా! ఆమెన్ తర్వాత చెబుదువు గాని. బండిలో కూడా ఇలాగే చేస్తావా?"

అతను ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "ఏంటి?"

"ప్రార్థన. లారీలో."

"చెయ్యకుండా బండి తీస్తానా?"

"ఎప్పుడు? ఇంజను వెయ్యకముందా, వేశాకా?"

"వేశాకే." ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు. "పొద్దున్నే ఇంజను వేశాక బ్రేకులకి గాలి ఎక్కాలి కదా. గాలి మీటరు ముల్లు పైకి వచ్చేదాకా బండి కదలకూడదు. ఊరికే కూర్చోడం ఎందుకని ఆ గాలి ఎక్కేలోపు..."

ఆగిపోయాడు.

"ఆ కెమెరా ఎప్పుడు మొదలవుద్ది?" అంది ఫెబా.

"ఇంజను వేస్తే మొదలవుద్ది" అన్నాడు మార్క్. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఆ వీడియోలు నువ్వు చూశావా?"

"చూపించలేదు. కౌశిక్ బాబు చెప్పాడంతే."

"చూసిందెవరు?"

అతను ఆలోచించాడు. "ఎవరూ చూడలేదేమో. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. నిద్ర అని."

ఫెబా లేచి ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీర తీసింది. "లే. బైకు తియ్యి."

"ఎక్కడికే? అమ్మ ఆటో దగ్గర చూస్తుంటుంది."

"ముందు ఆఫీసుకి. అక్కణ్నించి కాలేజీకి."

"జానకిరామయ్య గారి ముందు నువ్వు మాట్లాడతావా?"

"నువ్వు మాట్లాడతావా చెప్పు, నేను బయట నిలబడతా."

మార్క్ చెయ్యి కడుక్కున్నాడు.

* * *

ఆఫీసు ముందు లారీల వరస. జిన్నింగు మిల్లు దూది పొగమంచులా ఎగిరి టైర్లకి అంటుకుంటోంది. మార్క్ నడిపే బండి మీద ఎర్ర టార్పాలిన్ కప్పి ఉంది. దాని పక్కన ఇంకో డ్రైవరు బాషా నిలబడి ఉన్నాడు, చేతిలో ఆ తాళాలతోనే.

"ఏరా మార్కూ, నన్ను తిట్టుకోకు. నీ లోడు నా నెత్తినేశారు. నిన్ననే ఒక ట్రిప్పు దిగా, మళ్లీ ఎక్కమన్నారు." బాషా నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. కళ్ల కింద నల్లగా ఉబ్బి ఉంది. "చెల్లెమ్మా, కాలేజీ మానేసి ఇటొచ్చావే?"

"మానెయ్యను బాషా అన్నా. నువ్వు టిఫిన్ చేశావా?"

"దారిలో చూస్తాలే."

"షుగరు మాత్ర?"

"తిన్నాక కదమ్మా వేసుకునేది." లారీకి చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. ఫెబాకి ఆ ఆనుకోవడం నచ్చలేదు. కానీ లోపలినుంచి కౌశిక్ పిలిచాడు.

జానకిరామయ్య గారి పెద్దకొడుకు సాయికౌశిక్. కెమెరాలు తెచ్చింది అతనే. చల్లటి గదిలో రెండు తెరల ముందు కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో తండ్రి, నుదుట విభూతి ఇంకా ఆరలేదు.

"మార్క్, నిన్ననే చెప్పేశాం కదా" అన్నాడు కౌశిక్. "మళ్లీ ఆడవాళ్లని తీసుకొచ్చి ఏడిపించడం ఎందుకు?"

"ఏడవడానికి రాలేదు బాబూ" అంది ఫెబా. జెస్సీని చంకలో గట్టిగా పట్టుకుంది. "ఆ వీడియోలు చూడ్డానికొచ్చా."

"అవి డ్రైవర్లకి చూపించం. కంపెనీ రూలు."

"ముఖం ఆయనది కదా బాబూ."

కౌశిక్ ఏదో అనబోయి తండ్రి వైపు చూశాడు. జానకిరామయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎవరమ్మా నువ్వు? చదువుకున్నావా?"

"చదువుతున్నానండి. ఇంకా అవ్వలేదు."

ఆ జవాబు ఆయనకెందుకో నచ్చింది. "చూపించరా, పోయేదేముంది."

మొదటి వీడియో వచ్చింది. మార్క్ తల వాల్చి ఉన్నాడు. కౌశిక్ చెయ్యి చాపి, ఇంకేం కావాలి అన్నట్టు చూపించాడు.

"ఆ మూల అంకె ఏంటి బాబూ?"

"స్పీడ్."

"ఎంతుంది?"

కౌశిక్ ముందుకి వంగాడు. "సున్నా."

"రెండోది పెట్టండి."

రెండోదీ సున్నాయే. మిల్లు గేటు కనబడుతోంది అద్దంలోంచి. మూడోది పెట్టేసరికి జానకిరామయ్య కూడా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"పెదాలు చూడండి" అంది ఫెబా. "నిద్రలో మనుషులు గురక పెడతారు. ఇంతసేపు మాట్లాడరు."

తెర మీద మార్క్ కళ్లు తెరిచాడు. గాలి ముల్లు వైపు ఒక చూపు చూసి, స్టీరింగుని రెండుసార్లు తట్టి, గేరు వేశాడు. అప్పుడు మూలనున్న సున్నా కదిలింది.

చంకలో ఉన్న జెస్సీ తెరని వేలితో చూపించి, "నాన్న ఆమెన్ చెప్పాడు" అంది.

జానకిరామయ్య కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్, నేను పొద్దున్నే ఈ కుర్చీలో కూర్చునేముందు ఏం చేస్తాను?"

"దణ్ణం పెట్టుకుంటారు నాన్నా."

"కళ్లు తెరుచుకునా, మూసుకునా?"

కౌశిక్ తెర వైపు తిరిగాడు.

"అయితే నన్ను కూడా పీకేస్తావా?"

మొదట నవ్వింది మార్కే. ఆ తర్వాత నవ్వకుండా ఉండటం ఎవరివల్లా కాలేదు. కౌశిక్ చెవులు ఎర్రబడ్డాయి. మంచివాడే, ఒప్పుకున్నాడు. "అక్కా, నేను చూడాల్సింది. మెసేజ్ వస్తే చాలనుకున్నా. ఇక నుంచి స్పీడ్ సున్నా ఉంటే లెక్కలోకి తీసుకోను."

"రేపట్నుంచి బండెక్కరా మార్కూ" అన్నాడు జానకిరామయ్య. "ఇవాళ్టి లోడు బాషా తీసుకుపోతున్నాడు, పోనీ. నీకు ఇంకో బండి తాళాలున్నాయి, తీసుకో."

మార్క్ తాళాలు అందుకుని నడుముకి తగిలించుకున్నాడు. అలవాటైన చప్పుడు. ఫెబా ఆ చప్పుడు విని, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

బయటికి వచ్చేసరికి ఎర్ర టార్పాలిన్ లారీ గేటు దాటిపోతోంది. బాషా అద్దంలోంచి చెయ్యి ఊపాడు.

* * *

కాలేజీ వరండాలో మహతి మేడం కంగారుగా తిరుగుతోంది. "నీ పేరు రెండుసార్లు పిలిచారు ఫెబా! పిల్లని ఇలా ఇవ్వు. జుట్టంతా దూది!"

యూనివర్సిటీ సార్ ముసలాయన. ముఖంలో ఏమీ కనబడదు. ముందు వచ్చినవాళ్లందరూ ఒకటే చెప్పారట, డ్రైవర్ లేని కారు గురించి. ఎదురుగా ఇద్దరు వస్తే ఎవరిని గుద్దాలి అని. ఫెబా కూడా అదే సిద్ధం చేసుకుంది. వంటింటి లైటు కింద దానికోసమే కూర్చుంది.

"మీ అంశం?"

నోరు తెరిచింది. డ్రైవర్ లేని కారు నోట్లోకి రాలేదు. డ్రైవర్ ఉన్న లారీ వచ్చింది.

"మా ఇంటాయన లారీ గురించి చెబుతానండి" అంది.

చెప్పింది. గాలి ముల్లు దగ్గర మొదలుపెట్టి, సున్నా అంకె దాకా. మధ్యలో ఒకసారి 'బావ' అనేసి నాలుక కరుచుకుంది. సార్ నవ్వలేదు. కలం పక్కన పెట్టి వినడం మొదలెట్టాడు. అది మంచికో చెడుకో ఆమెకి తెలియలేదు.

"అయితే కెమెరా తీసెయ్యాలంటారా?"

"వద్దండి."

"ఎందుకు? మీ ఇంటికి అన్యాయం చేసింది కదా."

ఫెబాకి లారీకి చెయ్యి ఆనించుకున్న బాషా గుర్తొచ్చాడు. "నిజంగా అలిసిపోయినవాళ్లు కూడా ఉంటారు సార్. వాళ్లకి అది కావాలి. కెమెరా ఏదో చూసిందని చెబితే, ఒక మనిషి పోయి ఆ మనిషిని అడగాలి. మా విషయంలో ఎవరూ అడగలేదు. అదే తప్పు."

"ఇప్పుడు వాళ్లు స్పీడ్ సున్నా అయితే వదిలేస్తామన్నారు. సమస్య తీరినట్టేనా?"

ఆమె అవుననబోయింది. పొద్దున్నించీ గెలుస్తూ వచ్చింది కదా, ఇదీ గెలుపే అనుకుంది. కానీ మాట మార్చింది.

"ఇంకో తప్పు పుడుతుంది సార్."

"ఏమిటది?"

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. వరండాలో జెస్సీ మహతి మేడం చేత పాట పాడిస్తోంది.

"తెలియదండి" అంది ఫెబా. "కానీ పుడుతుంది."

సార్ ఆమె దరఖాస్తు తిరగేశాడు. "ఇంటర్ మధ్యలో ఎందుకు ఆపేశారు?"

"నేను ఆపలేదండి. ఆగిపోయింది."

"మళ్లీ ఆగిపోతే?"

"పోదండి." అంత గట్టిగా వచ్చిన మాట తనదేనా అని ఆమెకే అనుమానం వేసింది.

అప్పుడు నవ్వాడాయన. "పొద్దున్నుంచి అందరూ నాకు జవాబులు చెప్పారమ్మా. తెలియదని చెప్పింది మీరొక్కరే. తెలియదని చెప్పగలిగినవాళ్లకి నేర్పడం నాకు ఇష్టం. జూన్‌లో రండి. రెండో సంవత్సరంలో కూర్చుందురు గాని."

ఆమెకి మొదట అర్థం కాలేదు. బయటికి వచ్చింది. మహతి మేడం ముఖం చూసి ఏడుపందుకుంది. మేడం, "అయ్యో, పోయిందా?" అని కంగారుపడేసరికి తల అడ్డంగా ఊపింది. జెస్సీ బెదిరిపోయి తనూ అందుకుంది. గోడ పక్కన బైకు మీద కూర్చున్న మార్క్‌కి సంగతి తెలియడానికి ఆ ఏడుపులన్నీ ఆగాల్సొచ్చింది.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది బావా."

అతను బైకు దిగి, స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. బైకు పక్కకి పడిపోయింది. ఎత్తలేదు.

"పొద్దున నేను మాట్లాడాల్సింది" అన్నాడు. "అమ్మ ముందు."

"ఇప్పుడు మాట్లాడు, సాయంత్రం ఉందిగా."

* * *

సాయంత్రం అతనే మాట్లాడాడు. మాట్లాడటం కాదు, కేక వేశాడు. ఆటో వీధి మలుపు తిరగ్గానే, "అమ్మా! మన ఫెబా యూనివర్సిటీకి పోతోంది!" అని. పేటలో సగం మంది గుమ్మాల్లోకి వచ్చారు.

కోటిరత్నం ఆటో దిగింది. పొద్దున కోడలు రాలేదని రోజంతా రగిలి వచ్చిన మనిషి. తిట్లు నోటిదాకా తెచ్చుకుంది. కొడుకు నడుముకి తాళాలు చూసి ఆగింది.

"తాళాలిచ్చారా?"

"ఇచ్చారు. నీ కోడలు ఇప్పించింది. నేను నిద్రపోలేదమ్మా, ప్రార్థన చేసుకుంటున్నా."

ఆమెకి మొత్తం కథ రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. రెండోసారి చెబుతుంటే మధ్యలో ఆపింది. "నీకు చిన్నప్పుడే చెప్పా, పొట్టి ప్రార్థన చెయ్యరా అని. విన్నావా?"

ఆ తర్వాత ముఖానికున్న గుడ్డ కిందికి దింపింది. కళ్లలో నీళ్లు. మిరపకాయ చేతులు, తుడుచుకోడానికి లేదు. రెండు చేతులూ ముఖం ముందు పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది.

ఫెబా తన ఇస్త్రీ చీర కొంగుతో అత్త కళ్లు తుడిచింది.

"ఘాటే" అంది కోటిరత్నం. "ఏడుపు కాదు."

"తెలుసత్తా."

"జూన్‌లోనా? అయితే పిల్లని నేను చూసుకుంటా. అప్పటికి మిరపకాయల సీజను అయిపోతుందిగా." కాస్త ఆగి, "ఆ వంటింటి లైటు గుడ్డిగా ఉంది. మార్చరా మార్కూ. కళ్లు పోతాయి దానికి."

పక్కింటివాళ్లు బజ్జీలు పంపారు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు, అది కూడా పొడుగే. జెస్సీ కళ్లు తెరుచుకుని అందరి పెదాలూ చూస్తూ కూర్చుంది. ఫెబా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంతమంది తన గురించి సంతోషపడటం ఆమె పెళ్లిలో కూడా చూడలేదు.

పొద్దు వాలుతుండగా మార్క్ ఫోన్ మోగింది. కౌశిక్.

"అక్క ఉందా? ఫోన్ స్పీకర్‌లో పెట్టు. అక్కా, సీటు వచ్చిందంటగా! నాన్న స్వీట్లు పంపుతున్నారు. ఇంకోటి, పొద్దున అన్నట్టే చేశా. ఇందాక బాషా బండి నించి కూడా నిద్ర అని మెసేజ్ వచ్చింది. స్పీడ్ చూశా. సున్నా! నమాజు టైమ్ కదా, ప్రార్థనలే అని కొట్టేశా."

చుట్టూ జనం నవ్వారు. ఫెబా నవ్వలేదు.

"ఇంజను?" అంది.

"నడుస్తోంది. అందుకే కదా మెసేజ్ వచ్చింది."

"బాషా అన్న నమాజుకి కిందికి దిగుతాడు బాబూ. చాప పరుచుకుంటాడు. సీట్లో కూర్చుని కళ్లు మూసుకోడు."

అవతల కౌశిక్ కుర్చీ జరిపిన చప్పుడు.

"ఇందాక అంటే ఎప్పుడు?"

"చాలాసేపే అయింది. ఒక్క నిమిషం... కెమెరాలో ఇప్పటికీ అలాగే ఉన్నాడక్కా. తల వాలిపోయి ఉంది. పెదాలు కదలడం లేదు."

తెలియదని చెప్పిన ప్రశ్నకి జవాబు ఇంత తొందరగా వస్తుందని ఆమె అనుకోలేదు. పొద్దున తినని టిఫిన్, వేసుకోని మాత్ర, లారీకి ఆనించిన చెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. మార్క్ అప్పటికే బాషాకి ఫోన్ కలుపుతున్నాడు. మోగుతోంది. ఎత్తడం లేదు.

"ఎక్కడుంది బండి?"

"పొద్దున చెక్‌పోస్టులో గంటల తరబడి ఆపేశారు, ఒంగోలు దాటాడు గానీ సింగరాయకొండ ఇంకా రాలేదు. హైవే పక్కన ఆపాడు. హైవే అంబులెన్సు వాళ్లకి ఫోన్ చేస్తున్నా, లైను కలవడం లేదు."

మార్క్ బైకు స్టార్ట్ చేశాడు. కోటిరత్నం కడుక్కున్న చేతులతో పరిగెత్తుకొచ్చి, షుగరు పడిపోయిందేమోనని బజ్జీల పొట్లం, బెల్లం ముక్క అతని జేబులో కుక్కింది. ఫెబా వెనక కూర్చుంది. అయితే చిలకలూరిపేట నించి అక్కడికి ఎంత దూరమో ఈ దారెరిగిన వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎంత తోలినా చీకటి పడకముందు చేరరు.

మీరు దగ్గరలో ఉన్నారేమో. ఒంగోలు దాటి సింగరాయకొండ వైపు పోతూ, రోడ్డు పక్కన ఇంజను ఆపకుండా నిలబడి ఉన్న ఎర్ర టార్పాలిన్ లారీ కనబడితే, ఎవరో పడుకున్నాడులే అనుకుని దాటి వెళ్లకండి. క్యాబిన్ ఎక్కి తలుపు తట్టండి. "బాషా అన్నా, బాగున్నావా? ఏమన్నా తిన్నావా?" అని మీరే అడిగి చూడండి.